గడ్డు వేళలో చెదరని బొమ్మ

బాలలారా! మీ ఇంటిలోని టెలివిజన్ తెరపై బొమ్మలు కదులుతున్నవి. అవి అక్కడకు ఎట్లా వచ్చినవి? కొన్ని ఇళ్ళలో తీగ వెంట వస్తాయి. చాలా ఇళ్ళలో తీగ లేకుండానే వస్తాయి. ఇంటి మీది డిష్ యాంటెనా ఆకాశంలోని ఉపగ్రహం నుండి బొమ్మను అందుకుంటుంది. గదిలోని వైఫై పెట్టె మీ అక్క చేతిలోని ఫోనుకు బొమ్మను పంపుతుంది. తీగ లేకుండా బొమ్మను మోసుకొని వచ్చేవి రేడియో తరంగాలు. ఇవి వెలుగువలె సెకనుకు సుమారు 3,00,000 కిలోమీటర్ల వేగంతో పోతాయి. వీటికి గాలి కూడా అవసరం లేదు. శూన్యంలోనూ ప్రయాణం చేస్తాయి.

ఎండ కాసే రోజున బొమ్మ చక్కగా రావడంలో గొప్ప ఏమీ లేదు. గడ్డు వేళలో కూడా చెదరకుండా రావాలి. మన మారిషస్ తుఫానుల దారిలో ఉన్న ద్వీపం. 1960లో వచ్చిన కేరల్ తుఫాను గురించి మీ ఇంటి పెద్దలు చెప్పి ఉంటారు. ఆ తరువాత కర్రతోను, రేకులతోను కట్టిన ఇళ్ళకు బదులు కాంక్రీటు ఇళ్ళు ఎక్కువైనవి. తుఫాను వచ్చే వేళ ఇంటిల్లిపాది హెచ్చరికల కొరకు తెర ముందు కూర్చుంటారు. సరిగ్గా అప్పుడే జడివాన ఉపగ్రహ తరంగాలను నీరసపరుస్తుంది. పెనుగాలి నుండి మనలను కాపాడే కాంక్రీటు గోడే వైఫై తరంగాలకు అడ్డు నిలుస్తుంది. బొమ్మ ఎక్కువ అవసరమైన వేళనే తరంగం తక్కువ బలంతో ఉంటుంది.

ఇంకొక సంగతి ఆలోచించండి. దూరాన ఉన్న వైద్యుడు వీడియోలో ఒక రోగి గాయాన్ని పరీక్షిస్తున్నాడు. సరిగా ఆ క్షణాన బొమ్మ ఆగిపోతే ఏమవుతుంది? సినిమా ఆగితే విసుగు కలుగుతుంది. ఇక్కడ ఆగితే ప్రమాదం కలుగవచ్చు. అందుచేత ఇంజనీర్లు, గణిత శాస్త్రజ్ఞులు ఎన్నో ఏళ్ళుగా ఒకే ప్రశ్నకు సమాధానం వెదుకుతున్నారు. దారి చెడినపుడు కూడా బొమ్మను భద్రంగా చేర్చడం ఎట్లా? వారు కనుగొన్న ఉపాయాలను ఈ పాఠంలో తెలుసుకుందాము.

బొమ్మ అంకెలుగా మారుట

మీ అమ్మ ముగ్గు వేసేటప్పుడు ముందుగా చుక్కలు పెడుతుంది కదా! తెర మీది బొమ్మ కూడా చుక్కలతో ఏర్పడినదే. హై డెఫినిషన్ అనే సూక్ష్మమైన బొమ్మలో అడ్డంగా 1,920 చుక్కలు, నిలువుగా 1,080 చుక్కలు ఉంటాయి. హెచ్చవేసి చూడండి. మొత్తం 20,73,600 చుక్కలు! ఒక్కొక్క చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఎంతెంత ఉన్నవో అంకెలలో వ్రాస్తారు. ఆ అంకెలు 0, 1 అనే రెండే గుర్తులతో ఉంటాయి. ఇటువంటి ఒక్కొక్క గుర్తును బిట్ అంటారు. ఒక చుక్క రంగును చెప్పడానికి సాధారణంగా 24 బిట్లు కావాలి. బొమ్మ కదలినట్లు కనిపించాలంటే సెకనుకు 50 బొమ్మలు పంపాలి అనుకుందాము. అప్పుడు సెకనుకు సుమారు 249 కోట్ల బిట్లు పంపవలసి వస్తుంది. మామూలు ప్రసారాలకు ఇంత భారం మోయడం సాధ్యం కాదు.

అందుకని బొమ్మను కుదిస్తారు. వార్తలు చదివే ఆమె వెనుక గోడ ఉన్నది. ఆ గోడ క్షణక్షణం మారదు. కాబట్టి ప్రతిసారీ గోడనంతా పంపనవసరం లేదు. “గోడ ముందటి వలెనే ఉన్నది, పెదవులు మాత్రం ఇంత కదిలినవి” అని చెబితే చాలు. 2003లో వచ్చిన హెచ్.264 అనే కుదింపు పద్ధతి ఈ విధంగానే పనిచేస్తుంది. దీనితో సెకనుకు 50 లక్షల నుండి ఒక కోటి బిట్లలోనే మంచి బొమ్మను పంపవచ్చు.

కాని కుదింపు వలన ఒక చిక్కు ఉన్నది. పూర్వం భారతదేశంలో టెలిగ్రాం అనే తంతి సేవ ఉండేది. అది 2013లో ముగిసింది. మాటల లెక్కన రుసుము కట్టాలి కనుక జనం పొదుపుగా వ్రాసేవారు. పొడుగాటి ఉత్తరంలో ఒక మాట చెరిగిపోయినా భావం తెలుస్తుంది. “పెళ్ళి రేపు కాదు” అని తంతి ఇచ్చారనుకోండి. దారిలో “కాదు” అన్న మాట పోతే ఏమవుతుంది? బంధువులందరూ ఆ రాత్రే మూటలు కట్టుకొని బయలుదేరుతారు! కుదించిన బొమ్మ సంగతీ అంతే. మిగిలిన ప్రతి బిట్‌కు విలువ పెరిగింది. ఒక చోట తప్పు వస్తే, దానిని ఆధారం చేసుకొని గీసే తరువాతి బొమ్మలూ చెడిపోతాయి. మరల ఒక పూర్తి బొమ్మ వచ్చేదాకా ఆ మచ్చ పోదు. తెరమీద చతురపు ముక్కలు చెల్లాచెదరుగా కనిపించడం మీరు చూచే ఉంటారు. దానికి కారణం ఇదే.

దారిలోని అడ్డంకులు

తరంగానికి దారిలో నాలుగు విధాలైన కష్టాలు ఎదురవుతాయి.

మొదటిది దూరం. ఆరుబయట దూరం రెండింతలైతే అందే బలం నాలుగవ వంతు అవుతుంది.

రెండవది అడ్డు. కాంక్రీటు, లోహం, నీరు తరంగాలను అడ్డుకొంటాయి, లేదా పీల్చుకొంటాయి. మన శరీరంలో కూడా నీరే ఎక్కువ. కనుక మనమూ అడ్డే!

మూడవది ప్రతిధ్వని వంటిది. తరంగం నేరుగా రావడమే కాక గోడలకు, బీరువాలకు తగిలి తిరిగి కూడా వస్తుంది. ఒక తరంగపు ఎత్తు, మరొక తరంగపు పల్లం ఒకే చోట కలిస్తే రెండూ ఒకదానినొకటి చెరిపివేస్తాయి. వైఫైలో వాడే ఒక రకం తరంగం పొడవు సుమారు 12 సెంటీమీటర్లు. అందుచేత ఒక దారి మరొక దారి కంటే 6 సెంటీమీటర్లు ఎక్కువైనా చాలు, ఆ చోట తరంగం దాదాపు మాయమవుతుంది. ఫోనును జానెడు పక్కకు జరిపితే బొమ్మ బాగుపడటం వింతగా తోస్తుంది కదా! దాని రహస్యం ఇదే.

నాలుగవది ఇతరుల రొద. పొరుగింటి వైఫై, వంటింటిలోని మైక్రోవేవ్ పొయ్యి కూడా అదే రకం తరంగాలను వాడుతాయి. పొయ్యి నుండి బయటకు వచ్చే కొద్దిపాటి తరంగాలు వైఫైకి చాలినంత చికాకు కలిగించగలవు.

బిగ్గరగా అరిస్తే చాలదా?

“పంపే యంత్రానికి ఇంకా ఎక్కువ శక్తినిస్తే సరిపోతుంది కదా!” అని మీలో కొందరు అనవచ్చు. కొంతవరకు నిజమే. కాని తరగతిలో ఒకరు గొంతు పెంచితే పక్కవారూ పెంచుతారు. చివరకు ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందుకే ఎవరు ఎంత శక్తితో ప్రసారం చేయవచ్చునో ప్రభుత్వాలు హద్దులు పెట్టినవి. పైగా గొంతు పెంచితే ప్రతిధ్వని కూడా పెరుగుతుంది.

మంచి ఉపాయం మీ గురువుగారి దగ్గరే ఉన్నది. ఉక్తలేఖనం చెప్పేటప్పుడు “శ” అని మాత్రమే అంటే మీకు “ష” అనో, “స” అనో వినిపించవచ్చు. అందుచేత వారు “శంఖంలోని శ” అంటారు. గొంతు పెంచలేదు. ఒక మాట అదనంగా చేర్చారు. ఆ అదనపు మాట తప్పును ఆపింది.

1948లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసే క్లాడ్ షానన్ అనే శాస్త్రవేత్త ఈ విషయాన్ని గణితంతో నిరూపించాడు. రొద ఉన్న ప్రతి దారికీ ఒక హద్దు ఉంటుంది. ఆ హద్దుకు లోబడి పంపితే, తెలివిగా అదనపు గుర్తులు చేర్చి, తప్పులను మనం కోరినంత తక్కువకు తగ్గించవచ్చు. హద్దు దాటితే ఏ తెలివీ పనిచేయదు. అయితే ఆ అదనపు గుర్తులను ఎట్లా చేర్చాలి? ఒక ఆట ఆడి చూద్దాము.

చింతపిక్కల ఆట

ఒక వైపు తెల్లగా అరగదీసిన చింతపిక్కలు పదహారు తీసుకోండి. లేకపోతే రెండు రంగుల బొత్తాములైనా సరే. మీ స్నేహితుణ్ణి తొమ్మిది పిక్కలను మూడు వరుసలుగా, తన ఇష్టం వచ్చినట్లు పరచమనండి. తరువాత మీరు ప్రతి వరుస చివర ఒక పిక్కను చేర్చండి. వరుసలో నల్ల పిక్కలు సరిసంఖ్యలో ఉండేటట్లు చూడండి. అనగా సున్న, రెండు, లేక నాలుగు. అట్లాగే నిలువు వరుసల క్రింద కూడా చేర్చండి. నలుపును “న” అని, తెలుపును “తె” అని వ్రాస్తే ఒక అమరిక ఇట్లా ఉంటుంది.

న తె న తె
తె న న తె
న న న న
తె తె న న

ఏ వరుసలో చూచినా, అడ్డంగానైనా నిలువుగానైనా, నల్లపిక్కలు రెండో నాలుగో ఉన్నవి. ఇప్పుడు మీరు కళ్ళు మూసుకోండి. స్నేహితుడు ఏదైనా ఒక పిక్కను తిప్పివేస్తాడు. రెండవ వరుసలోని రెండవ పిక్కను తిప్పాడనుకోండి. మీరు కళ్ళు తెరచి లెక్కించండి. రెండవ అడ్డు వరుసలో నల్లపిక్క ఒకటే ఉన్నది. రెండవ నిలువు వరుసలోనూ ఒకటే ఉన్నది. ఆ రెండు వరుసలు కలిసేచోట ఉన్నదే దొంగ! దానిని మరల తిప్పితే సరి. మీరు చూడకుండానే తప్పును పట్టుకొని దిద్దారు.

ఇటువంటి ఆలోచననే రిచర్డ్ హామింగ్ అనే గణితజ్ఞుడు 1950లో ప్రకటించాడు. ఆయన కూడా బెల్ ప్రయోగశాలలోనే పనిచేసేవాడు. సెలవురోజులలో ఆయన లెక్కలు చేయడానికి అప్పగించిన యంత్రం, తప్పు కనబడగానే ఆ లెక్కను వదలివేసేది. తప్పు ఉన్నదని యంత్రం తెలుసుకోగలిగినపుడు, అది ఎక్కడ ఉన్నదో తెలుసుకొని ఎందుకు దిద్దుకోరాదు అని ఆయన ఆలోచించాడు.

ఈ ఆటలో రెండు సంగతులు గమనించండి. తొమ్మిది పిక్కల వార్తకు ఏడు పిక్కలు అదనంగా పెట్టవలసి వచ్చింది. భద్రతకు వెల ఉన్నది. మరి స్నేహితుడు ఒకే వరుసలో రెండు పిక్కలు తిప్పితే? తప్పు జరిగిందని తెలుస్తుంది గాని, ఎక్కడో తెలియదు. ఇంకా మంచి పద్ధతి కావాలి.

తప్పులు దిద్దే సంకేతాలు

1960లో ఇర్వింగ్ రీడ్, గుస్తావ్ సోలమన్ అనే ఇద్దరు అటువంటి పద్ధతిని ప్రకటించారు. డిజిటల్ టెలివిజన్ మొదటి తరం ప్రసారాలలో దీనిని విరివిగా వాడారు. అందులో ఎనిమిదేసి బిట్లను ఒక బైట్ అంటారు. 188 బైట్ల వార్తకు 16 బైట్లు అదనంగా చేరుస్తారు. ఆ 204 బైట్లలో ఎక్కడైనా సరే, ఎనిమిది బైట్ల వరకు చెడిపోయినా వాటిని దిద్దవచ్చు. వాయేజర్ 2 అనే అంతరిక్ష నౌక 1986లో యురేనస్ గ్రహం నుండి, 1989లో నెప్ట్యూన్ నుండి బొమ్మలు పంపినపుడు కూడా రీడ్–సోలమన్ సంకేతాలే తోడ్పడినవి.

దాదాపు అదే కాలంలో మరొక సంకేతం పుట్టింది. దాని పేరు బి.సి.హెచ్. అందులో “బి” అంటే బోస్, “సి” అంటే చౌధురి, “హెచ్” అంటే ఒకెంగెమ్. మొదటి ఇద్దరు భారతదేశానికి చెందిన గణితజ్ఞులు. వారు రాజచంద్ర బోస్, ద్విజేంద్ర కుమార్ రే–చౌధురి. మూడవవాడు ఫ్రాన్సు దేశస్థుడు. రాజచంద్ర బోస్ అంతకు పూర్వం కలకత్తాలోని భారతీయ గణాంక సంస్థలో పనిచేశారు. అక్కడే మన తెలుగువారైన కల్యంపూడి రాధాకృష్ణారావు కూడా పనిచేశారు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. 1920లో పుట్టి 102 సంవత్సరాలు జీవించి 2023లో కీర్తిశేషులైనారు. గుర్తులను వరుసలలో ఒక క్రమంగా అమర్చే పద్ధతిని గురించి ఆయన 1940లలో చేసిన పని, తప్పులు దిద్దే సంకేతాల గణితానికి దగ్గర చుట్టము. చింతపిక్కల వరుసల వంటి ఆలోచన ఎంత దూరం పోయిందో చూడండి.

రాబర్ట్ గాలగర్ అనే అమెరికా శాస్త్రవేత్త 1960ల ఆరంభంలో ఇంకొక శక్తిగల సంకేతాన్ని కనుగొన్నాడు. ఆనాటి కంప్యూటర్లకు ఆ లెక్క చేసే వేగం లేదు. అందుచేత దానిని ముప్పది ఏళ్ళపాటు దాదాపు మరచిపోయారు. 1990లలో మరల వెలికితీశారు. రెండవ తరం డిజిటల్ టెలివిజన్ ప్రసారాలలో గాలగర్ సంకేతాన్ని, బి.సి.హెచ్. సంకేతాన్ని కలిపి వాడుతున్నారు. మొదటిది చాలా తప్పులు దిద్దుతుంది. దాని కన్నుగప్పి మిగిలినవాటిని రెండవది దిద్దుతుంది.

విడదీసి పంపుట

అయితే తప్పులు ఒక్కొక్కటిగా రావు. మెరుపు మెరిసినపుడు, ఒక మనిషి అడ్డుగా నడచినపుడు వరుసగా వందల బిట్లు పోతాయి. అప్పుడు ఏం చేయాలి?

ఐదు కుటుంబాలవారు విహారయాత్రకు పోతున్నారు. కుటుంబానికి ఐదుగురు. ఐదు బస్సులు ఉన్నవి. ఒక్కొక్క కుటుంబం ఒక్కొక్క బస్సు ఎక్కిందనుకోండి. ఒక బస్సు దారిలో ఆగిపోతే ఒక కుటుంబమంతా భోజనానికి అందదు. అట్లా కాక ప్రతి బస్సులోనూ ప్రతి కుటుంబం నుండి ఒకరు ఎక్కితే? ఒక బస్సు ఆగినా ప్రతి కుటుంబంలోనూ నలుగురు ఉంటారు. ఒక్కరి లోటును మిగిలినవారు సర్దుకొంటారు.

బిట్లను కూడా ఇట్లాగే కలిపి పంపుతారు. అందుకున్న తరువాత మరల వాటి స్థానాలలో పెడతారు. పెద్ద గండి చిన్న చిన్న చిల్లులుగా మారిపోతుంది. చిన్న చిల్లులను సంకేతం పూడ్చగలదు. దీనికీ వెల ఉన్నది. అన్ని బస్సులు వచ్చేదాకా ఆగాలి. అనగా బొమ్మ కొంత ఆలస్యంగా వస్తుంది.

ప్రతిధ్వనిని జయించుట

పెద్ద మండపంలో గబగబా మాట్లాడితే ముందటి మాట ప్రతిధ్వని వెనుకటి మాటపై పడి ఏమీ అర్థం కాదు. నిదానంగా, మాటకు మాటకు నడుమ ఆగుతూ మాట్లాడితే అర్థమవుతుంది. కాని నిదానంగా మాట్లాడితే కోటి బిట్లు ఎప్పుడు చేరుతాయి?

ఇంజనీర్లు రెంటికీ సరిపోయే దారి కనుగొన్నారు. ఒక్కరే వేగంగా మాట్లాడటానికి బదులు వేలమంది, ఒక్కొక్కరు ఒక్కొక్క శ్రుతిలో, నిదానంగా మాట్లాడుతారు. మొదటి తరం డిజిటల్ టెలివిజన్‌లో ఒక పద్ధతి ప్రకారం ఒకేసారి 6,817 సన్నని తరంగాలు పనిని పంచుకొంటాయి. ప్రతి గుర్తు తరువాత ప్రతిధ్వని అణగిపోయేంత వ్యవధి ఇస్తారు. ఏవో కొన్ని శ్రుతులు దారిలో చెడినా, మిగిలినవి చేరుతాయి. చెడిన వాటిని సంకేతం దిద్దుతుంది. వైఫై కూడా ఇదే ఉపాయాన్ని వాడుతున్నది.

ఇంతవరకు ప్రతిధ్వనిని శత్రువుగా చూచాము. దానిని మిత్రునిగా మార్చినవారిలో ఒకరు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. ఈయన 1944లో తమిళనాడులోని పొల్లాచిలో జన్మించారు. భారత నౌకాదళంలో ఉండి, సముద్రంలోని జలాంతర్గాములను ధ్వని ద్వారా పసిగట్టే సోనార్ యంత్రాలపై కృషి చేశారు. తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి వెళ్ళారు. పంపేచోట అనేక యాంటెనాలు, అందుకొనేచోట అనేక యాంటెనాలు ఉంచే ఆలోచనను 1992లో ప్రతిపాదించారు. వేరువేరు దారులలో వచ్చే తరంగాలు ప్రతి యాంటెనా వద్ద వేరువేరు పాళ్ళలో కలుస్తాయి. ఆ తేడాను బట్టి లెక్కకట్టి, కలిసిపోయిన వార్తలను విడదీయవచ్చు. ఒక యాంటెనా ఉన్నచోట తరంగం మాయమైనా రెండవదాని వద్ద ఉండవచ్చు. 2009లో వచ్చిన వైఫై పద్ధతిలో ఈ ఉపాయం చేరింది. పాల్‌రాజ్ గారికి 2014లో మార్కోనీ బహుమానం లభించింది.

మరల అడుగుట, నెమ్మదించుట

వైఫైలో మరొక సుగుణం ఉన్నది. వార్త ముక్క చేరగానే అందుకొన్న యంత్రం “అందింది” అని చెబుతుంది. ఆ జవాబు రాకపోతే పంపిన యంత్రం మరల పంపుతుంది. సినిమా చూచేటప్పుడు ఇది చాలా మంచి పద్ధతి. యంత్రం కొన్ని సెకన్ల బొమ్మను ముందుగానే నిలువ చేసుకొని ఉంటుంది. గాదెలో ధాన్యం ఉన్నవానికి ఒక పూట పంట రాకపోయినా ఆకలి ఉండదు కదా!

కాని భారతదేశంలో ఉన్న మీ చుట్టాలతో వీడియోలో మాట్లాడేటప్పుడు గాదె నింపడం కుదరదు. మీరు “బాగున్నారా?” అని అడిగితే జవాబు వెంటనే రావాలి. వైద్యుని విషయంలోనూ అంతే. ఆలస్యంగా వచ్చిన ముక్క వచ్చినా రానట్లే. అటువంటపుడు అదనపు గుర్తులను ముందే చేర్చి పంపడం మేలు.

దారి మరీ చెడినపుడు యంత్రం బొమ్మ సూక్ష్మతను తగ్గిస్తుంది. బురద దారిలో బండివాడు బరువు దించి, మెల్లగా తోలినట్లు. బొమ్మ కొంత మసకబారుతుంది గాని ఆగిపోదు. ఇది లోపం కాదు, తెలిసి చేసిన జాగ్రత్త. చెడిన దారిలో బరువు దించకుండా పోతే, పాత టెలివిజన్‌లో వలె చుక్కల మసక రాదు. డిజిటల్ బొమ్మ కొంతవరకు చక్కగా ఉండి, హద్దు దాటగానే ఒక్కసారిగా ఆగిపోతుంది.

అరవై గిగాహెర్ట్జ్ తరంగాలు

కుదించకుండానే, లేదా చాలా కొద్దిగా మాత్రమే కుదించి, ఒకే గదిలో బొమ్మను పంపవలసిన సందర్భాలు ఉంటాయి. దానికి చాలా వెడల్పైన దారి కావాలి. సెకనుకు 6,000 కోట్ల సార్లు కంపించే తరంగాలు ఆ పనికి తగినవి. వీటినే 60 గిగాహెర్ట్జ్ తరంగాలు అంటారు. వీటి పొడవు 5 మిల్లీమీటర్లు మాత్రమే. ఇవి గోడను దాటలేవు. గాలిలోని ఆమ్లజని కూడా వీటిని పీల్చుకొంటుంది. ఒక మనిషి అడ్డు వస్తే బొమ్మ పోవచ్చు. కనుక ఈ యంత్రాలలో చాలా చిన్న యాంటెనాలను బారుగా అమర్చి, తరంగాన్ని దీపపు కిరణంవలె కావలసిన వైపుకు త్రిప్పుతారు. ఎదుటి దారి మూతపడితే పక్క గోడకు తగిలి పోయే దారిని యంత్రమే వెదుకుతుంది. గోడ దాటని గుణం వలన ఒక మేలు కూడా ఉన్నది. పొరుగింటి రొద మన గదిలోకి రాదు.

ఈ తరంగాలు క్రొత్తవని అనుకోకండి. జగదీశ్ చంద్ర బోస్ 1890లలోనే కలకత్తాలో ఇంత చిన్న తరంగాలతో ప్రయోగాలు చేశారు. 1895లో ఆయన ప్రజల ఎదుట, తీగ లేకుండా దూరాన ఉన్న గంటను మ్రోగించి, తుపాకి మందును పేల్చి చూపారు.

వానకు ముందే జాగ్రత్త

ఇక మన తుఫాను సంగతికి వద్దాము. డిష్ అందుకొనే ఉపగ్రహ తరంగాల పొడవు చాలావరకు రెండున్నర సెంటీమీటర్లు. భారీ వానలో చినుకులు వాటిని పీల్చి, చెదరగొడతాయి. అందుచేత ప్రసారం చేసేవారు మామూలు రోజుకు చాలినంత కంటే ఎక్కువ బలాన్ని ముందుగానే లెక్కకట్టి ఉంచుతారు. ఎండ కాసేటప్పుడు ఆ అదనపు బలం వృథా అనిపిస్తుంది. వాన వచ్చినపుడు దాని విలువ తెలుస్తుంది. ఆ ఏర్పాటు కూడా చాలనంత జడివాన కురిస్తే బొమ్మ పోతుంది. అందుకే తుఫాను రోజులలో బ్యాటరీతో నడిచే చిన్న రేడియోను ఇంట్లో ఉంచుకోవాలి. ధ్వనికి చాలా తక్కువ బిట్లు చాలు. రేడియో వాడే పొడవైన తరంగాలను వాన అంతగా బాధించదు.

ఇంటిలో మీరు చేయదగినవి కొన్ని ఉన్నవి. వైఫై పెట్టెను బీరువా వెనుక దాచకండి. ఎత్తుగా, బయటకు కనిపించేటట్లు ఉంచండి. మైక్రోవేవ్ పొయ్యికి, చేపల తొట్టికి, ఇనుప సామానుకు దూరంగా పెట్టండి. కాంక్రీటు గోడలు రెండు మూడు అడ్డు వస్తే నడుమ గదిలో ఇంకొక పెట్టె పెట్టమని పెద్దలను అడగండి. కదలకుండా ఒకేచోట ఉండే టెలివిజన్‌కు వీలుంటే తీగనే కలపండి. తీగ లేని మార్గాన్ని కదిలే ఫోన్లకు వదిలిపెట్టండి.

బాలలారా! ఈ ఉపాయాలన్నిటిని ఒకసారి కలిపి చూడండి. అదనపు గుర్తులకు చోటు కావాలి. విడదీసి పంపడానికి సమయం కావాలి. ఎక్కువ యాంటెనాలకు డబ్బు కావాలి. ఏదీ ఊరికే రాదు. ఏ ఒక్కటీ అన్ని చోట్లా సరిపోదు. సినిమాకు సమయం ఇవ్వవచ్చు. వైద్యునికి సమయం ఇవ్వలేము, చోటు ఇవ్వాలి. తప్పు జరుగదని ఈ ఇంజనీర్లు ఎన్నడూ అనుకోలేదు. తప్పక జరుగుతుందని ఎంచి, అది జరిగే లోపలే దిద్దే దారి ఏర్పరచారు. మళ్ళీ వాన కురిసే రోజున తెరపై బొమ్మ ఒక క్షణం వణికి, వెంటనే కుదుటపడితే, ఆ క్షణంలో ఎక్కడో చింతపిక్కల లెక్క ఒకటి జరిగిందని గుర్తు చేసుకోండి.

ప్రశ్నలు

1. కుదించిన బొమ్మలో ఒక బిట్ పోతే నష్టం ఎందుకు ఎక్కువ? తంతి ఉదాహరణతో వివరించండి.
2. శక్తిని పెంచడం ఒక్కటే ఎందుకు చాలదు?
3. ఐదు బస్సుల ఉదాహరణలో కుటుంబం దేనికి పోలిక? బస్సు దేనికి పోలిక?
4. సినిమాకు, వీడియోలో మాటలాడుటకు ఒకే ఉపాయం ఎందుకు పనికిరాదు?
5. 60 గిగాహెర్ట్జ్ తరంగాలు గోడను దాటకపోవడం వలన కలిగే మేలు ఏమిటి? కీడు ఏమిటి?

చేసి చూడండి

1. చింతపిక్కల ఆటను నాలుగు వరుసల వార్తతో ఆడండి. పదహారు పిక్కలకు ఎన్ని అదనపు పిక్కలు కావలసి వచ్చినవి? మూడు వరుసల ఆటతో పోల్చి చూడండి.
2. మీ ఇంటి పటం గీయండి. వైఫై పెట్టె ఎక్కడ ఉన్నదో గుర్తించండి. ఏ గదిలో బొమ్మ ఆగిపోతున్నదో, దానికి కారణం ఏమై ఉంటుందో తెలుగులో ఐదు వాక్యాలు వ్రాయండి.